కాడి కట్టి చూశారా?

పశువుల సంతలో ఎద్దును కొనేవాడు ముందుగా నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. తరువాత సుళ్ళు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, తోక మెలిపెట్టి నాలుగడుగులు నడిపిస్తాడు. ఇంతా చేసి, కాడి కట్టి కాస్త బరువు లాగించి చూడనిదే డబ్బు సంచీ మూతి విప్పడు. పాడిగేదె అయితే రెండు పూటలా పాలు పిండి చూసుకుంటాడు. బేరం మాత్రం తువ్వాలు కింద, వేలికి వేలు పట్టుకుని, మూడోవాడికి తెలియకుండా జరుగుతుంది. ధర రహస్యమే గాని పశువు గుణం రహస్యం కాదు. మన తాతల తెలివి అది. ఆ తాతల మనవలమైన మనం పాత కారు కొనడానికి వెళ్ళి రంగు చూస్తాము, సీట్ల తొడుగులు చూస్తాము, పాటలు వినిపించే తెర ఎంత వెడల్పో చూస్తాము. వీధి చివరిదాకా ఒక చుట్టు తిప్పి, "బాగుందండీ" అని అడ్వాన్సు చేతిలో పెట్టి ఇంటికి వస్తాము.

అయినా మామూలు కారు విషయంలో ఈ తొందరపాటు ఎక్కువకాలం దాగదు. బ్రేకు బాగాలేకపోతే మొదటి మలుపులోనే తెలుస్తుంది. గేరు పడకపోతే నారాయణగూడ చౌరస్తాలో వెనకనున్నవాళ్ళందరూ హారన్లు కొట్టి మరీ తెలియజేస్తారు. ఇంజను వేడెక్కే జబ్బు ఉంటే చిక్కడపల్లి దాటకముందే ఆవిరి కక్కుతుంది. కాని ఒక్క లోపం మాత్రం ఉన్నది. నగరంలో ఎన్నేళ్ళు తిప్పినా అది బయటపడదు. సరిగ్గా దానితో పని పడిన రోజున, నాలుగు దిక్కులా మనిషి కనిపించని చోట బయటపడుతుంది. అది నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటులోని లోపం. ఫోర్ వీల్ డ్రైవు అంటారే, అది.

ఈ శీర్షిక చదివే సోదరీమణులు "ఇనుప సామాను గోల మాకెందుకు?" అని పేజీ తిప్పి సీరియలుకు పోబోతున్నారని నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆగమని మనవి. ఈ వ్యవహారంలో అడగవలసిన ప్రశ్న అడిగినది ఒక ఇల్లాలే.

మా విద్యానగర్‌లో మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక మాస్టారున్నారు. లెక్కలు చెప్పి పదవీ విరమణ చేశారు. పిల్లలు ఎక్కడెక్కడో ఉద్యోగాలలో స్థిరపడ్డారు. భార్యాభర్తలు ఇద్దరే ఇంట్లో. ఆవిడను నేను పిన్నిగారూ అని పిలుస్తాను. మాస్టారికి ఒక అక్కగారున్నారు. ఎనభై దాటినా సొంత ఊరు, సొంత ఇల్లు వదిలి రానని ససేమిరా అన్న మనిషి. ఆ ఊరు వికారాబాదు దాటి తాండూరు వైపు వెళ్ళే దారిలో, తారురోడ్డుకు మూడు కిలోమీటర్లు లోపల ఉన్నది. ఆ మూడు కిలోమీటర్లూ నల్లరేగడి.

నల్లరేగడి ఎలాంటిదో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు. తాండూరు కంది రుచికి ఆ నేలే కారణం, 2022లో ఆ కందికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కాని పప్పుకు మంచిదైన నేల టైరుకు మంచిది కాదు. ఎండాకాలం బీటలు వారి రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడిందా, జిగురు ముద్దలా టైరు గాళ్ళన్నిటినీ పూడ్చివేస్తుంది. అప్పుడు టైరు నున్నటి గుండ్రాయితో సమానం. ఆ మధ్య ఒక శ్రావణ మాసపు రాత్రి అక్కగారికి ఒంట్లో బాగాలేదని కబురు వస్తే, మాస్టారు టాక్సీ మాట్లాడుకుని బయలుదేరారు. తారురోడ్డు దిగగానే టాక్సీ కూరుకుపోయింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి మందుల సంచీ నెత్తిన పెట్టుకుని, చెప్పులు చేతబట్టుకుని మూడు కిలోమీటర్లు నడిచి వెళ్ళారు. అక్కగారు కోలుకున్నారు. మాస్టారు మాత్రం ఆ రాత్రిని మరచిపోలేదు. బ్యాంకులో దాచిన దానిలో నాలుగు లక్షల చిల్లర తీసి, చిన్నదైనా సరే, బురదలో నడిచే బండి కొనాలని తీర్మానించుకున్నారు.

బురదలో నడిచే చిన్న బండి అనేది కొత్త ఊహ ఏమీ కాదు. జపానులో సుజుకి వారు 1970లోనే జిమ్నీ అనే బుల్లి బండి చేశారు. దాని ఇంజను 359 సీసీలు మాత్రమే, మన మోటారు సైకిళ్ళ ఇంజనులతో సరిసమానం. అయినా నాలుగు చక్రాలూ కలిసి తోస్తే కొండలెక్కింది. ఆ వంశంలోదే మన దేశంలో 1985లో వచ్చిన మారుతి జిప్సీ. పోలీసు శాఖలోనూ సైన్యంలోనూ దాన్ని చూడని తెలుగువాడుండడు. ఇటలీలో ఫియట్ వారు 1983లో పాండా అనే చిన్న కుటుంబ కారుకే ఈ ఏర్పాటు బిగించి, మంచు పడే పల్లెల రైతులకు అందించారు. అయిదు తలుపుల జిమ్నీ 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. బండి పెద్దదైనంత మాత్రాన బురద జయించదు. చిన్నదై, తేలికై, నాలుగు కాళ్ళూ పనిచేస్తే చాలు.

ఆ నాలుగు కాళ్ళూ ఎలా పనిచేస్తాయో నాలుగు మాటల్లో చెబుతాను. ఇటువంటి బళ్ళలో పాతకాలపు పద్ధతివాటిలో గేరుపెట్టె వెనక ఇంకో చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ట్రాన్స్‌ఫర్ కేస్ అంటారు. ఇంజను బలాన్ని అందుకుని వెనక్కి ఒక కడ్డీ ద్వారా, ముందుకు ఒక కడ్డీ ద్వారా పంచిపెట్టడం దాని పని. ఈ కడ్డీలనే ప్రొపెల్లర్ షాఫ్టులంటారు. దానికి వేరే ఒక చిన్న లివరు. టూ హెచ్‌లో పెడితే వెనక చక్రాలు మాత్రమే తోస్తాయి. ఫోర్ హెచ్‌లో పెడితే ముందువీ కలుస్తాయి. ఫోర్ ఎల్‌లో పెడితే నాలుగూ కలవడమే కాక, వేగం తగ్గి బలం పెరుగుతుంది.

ఇందులో ఒక మెలిక ఉన్నది. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికంటే ఎక్కువ దూరం నడుస్తాయి. ముందు, వెనక కడ్డీలను ఒకదానికొకటి బిగించేస్తే ఆ తేడా ఎక్కడికి పోవాలి? బురదలో అయితే టైరు కాస్త జారి తేడా తీరిపోతుంది. ఎండిన తారురోడ్డు మీద టైరు జారదు, ఆ బిగువంతా కడ్డీల మీదా పళ్ళచక్రాల మీదా పడుతుంది. అందుచేత ఇలాంటి బండిని తారురోడ్డు మీద ఫోర్ హెచ్‌లో నడపకూడదు. "పట్టు బాగుంటుంది" అని కొందరు సరదాపడి నడుపుతారు. కొన్ని నెలలు బాగానే ఉంటుంది. తరువాత పళ్ళు అరుగుతాయి, గొలుసు సాగుతుంది, చివరికి లోపల ఏదో ఒకటి విరుగుతుంది. తప్పు చేసినది బండిని తయారు చేసినవాడు కాదు, నడిపినవాడు. అందుకే ఇక్కడ మేము చూసిన బండి పేరు చెప్పడం లేదు. చూడటానికి బండి నిక్షేపంలా ఉన్నది, అంతవరకు చెబితే చాలు.

అమ్మేవారు ఒక పెద్దమనిషి, మధ్యలో ఒక బేరగాడు. మాస్టారు, పిన్నిగారు, నేను ముగ్గురమూ వెళ్ళాము. ధర నాలుగు లక్షల ఇరవై వేలు. బేరగాడు ఉత్సాహవంతుడు. చిన్న లివరు లాగాడు. ముందున్న పలక మీద ఫోర్ వీల్ దీపం పచ్చగా వెలిగింది. "చూశారా సార్, లైటు!" అన్నాడు. తరువాత ఫోర్ ఎల్‌లో పెట్టాడు. బండి పెద్దగా గర్జించి, నత్తలా కదిలింది. "చూశారా సార్, ఆ బలం! ఏనుగు సార్, ఏనుగు!" అన్నాడు. మాస్టారి ముఖం వెలిగిపోయింది. దీపం వెలిగింది, బండి గర్జించింది, ఇంకేం కావాలి?

నేను మాత్రం, "నారాయణగూడలో నాకు తెలిసిన ఉస్తాద్ ఒకడున్నాడు, అతను ఒకసారి చూస్తాడు, అరగంట పని" అన్నాను. బేరగాడికి ఈ మాట రుచించలేదు. "ఇంకో పార్టీ సాయంత్రం వస్తోంది సార్" అన్నాడు. అమ్మే ప్రతి వస్తువుకూ ఇంకో పార్టీ ఒకటి సాయంత్రానికి వస్తూనే ఉంటుంది. పెళ్ళిచూపుల్లో కూడా అంతే. "వస్తే రానివ్వండి నాయనా, మేము మధ్యాహ్నమే చూసుకుంటాము" అన్నారు పిన్నిగారు.

ఉస్తాద్ ముప్ఫయ్యేళ్ళుగా జీపుల కింద పడుకున్నవాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, ముందు టైర్ల మీది అంకెలు చదివాడు, వెనక టైర్ల మీది అంకెలు చదివాడు. రెండూ వేరు. ఏమీ అనలేదు. కింద గోనె పరుచుకుని దూరాడు. ఒక నిమిషం తరువాత లోపలినుంచి మాట వినిపించింది. "సార్, ముందు షాఫ్టు ఎక్కడ?"

ముందు కడ్డీ లేదు! ఎవరో విప్పి తీసేశారు.

మాస్టారు నిర్ఘాంతపోయి, "మరి దీపం వెలిగిందిగా?" అన్నారు.

"లైటు అబద్ధం చెప్పదు సార్. కాని దానికి తెలిసింది లివరు ఎక్కడుందో అంతవరకే. ముందు చక్రం తిరుగుతుందో లేదో దానికేం తెలుసు?" అన్నాడు ఉస్తాద్. ఫోర్ ఎల్ గర్జన కూడా అంతే. వేగం తగ్గించి బలం పెంచే పళ్ళచక్రాలు ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనే ఉంటాయి, ముందు కడ్డీ లేకపోయినా అవి తమ పని తాము చేసి వెనక చక్రాలకు పంపిస్తాయి. ఏనుగు గర్జించింది నిజమే గాని దానికి ముందు కాళ్ళు లేవు. ఉస్తాద్ ఇంకా చూసి చెప్పాడు. సైజు తేడా ఉన్న టైర్లతో తారురోడ్డు మీద ఫోర్‌లో నడిపి ఉంటారట, లోపల పళ్ళు దెబ్బతిని చప్పుడు వస్తుంటే రిపేరు ఖర్చు తప్పించుకోవడానికి కడ్డీ ఊడదీసి ఉంటారట. టూ హెచ్‌లో మాత్రం చప్పుడు లేదు, ఇంజను బాగుంది. రిపేరు ఎంతవుతుందంటే, "విప్పితే గాని చెప్పలేను. యాభై వేలు కావచ్చు, తొంభై కావచ్చు" అన్నాడు.

బేరగాడు తడుముకోలేదు. "సిటీలో ఫోర్ వీల్ ఎవరు వాడతారు సార్? మైలేజీ కోసం తీశారు, అంతే. పోనీ, అరవై వేలు తగ్గిస్తారు, మూడు లక్షల అరవైకి తీసుకోండి. రెండేళ్ళు వాడుకుని మీరూ ఇలాగే అమ్మేయండి. లైటు వెలుగుతూనే ఉంటుందిగా!"

ఆ చివరి మాట విని మాస్టారు తలవంచుకున్నారు. ముప్ఫై అయిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషికి ఆ కూడిక తెలియనిది కాదు, చేయలేనిది. అయినా అరవై వేలు తగ్గింపు అంటే మధ్యతరగతి మనిషికి చిన్న ఆకర్షణ కాదు. ఆయన కాగితం తీసి లెక్క వేయడం మొదలుపెట్టారు. మూడు అరవైకి రిపేరు ఒక డెబ్భై కలిపితే నాలుగు ముప్ఫై అని గొణుక్కుంటూ ఉంటే, పిన్నిగారు అడిగారు. "ఏమండీ, ఈ బండి మనకు ఎండాకాలంలో కావాలా, వానాకాలంలో కావాలా?"

మాస్టారు కలం మూసి జేబులో పెట్టుకున్నారు. అక్కడికి లెక్క పూర్తయింది.

పాత బండి కొనడంలో నేను చెప్పదలచినదంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. చెడిపోయిన ఫోర్ వీల్ డ్రైవుకు ధర కట్టేటప్పుడు మనమంతా రిపేరు ఖర్చు తీసివేస్తాము. తీసివేయవలసినది అది కాదు. మన అవసరం తీరుతుందా లేదా అన్నది ముందు తేలాలి. తీరదంటే అరవై వేలు తగ్గించినా ఖరీదే. తీరుతుందంటే అదే లోపం మనకు లాభం కూడా కావచ్చు. ఆ బండి తరువాత సంగతి వినండి. నల్లకుంటలో నాకు తెలిసిన ఒక ప్లీడరుగారున్నారు. ఎత్తుగా కూర్చునే బండి కావాలని ఆయన ముచ్చట. విద్యానగర్ నుంచి కోర్టుకు, కోర్టు నుంచి త్యాగరాయ గానసభకు, అంతకు మించి ఆయన బండి మట్టి తొక్కదు. అమ్మే పెద్దమనిషి ఈసారి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పి, ఫోర్ వీల్ పనిచేయదని కాగితం మీద రాసి సంతకం పెట్టి, మూడు లక్షల ముప్ఫై వేలకు ప్లీడరుగారికే అమ్మారు. ప్లీడరుగారు రెండు చక్రాల బలానికే డబ్బిచ్చారు, రెండు చక్రాల బలమే పుచ్చుకున్నారు. ఇద్దరూ సుఖంగా ఉన్నారు. బండి అదే, లోపం అదే. ఒకరికి ప్రాణం మీదికి వచ్చేది ఇంకొకరికి చవక బేరం అయింది. మధ్యలో మారినదల్లా దాచిన మాట చెప్పిన మాట కావడమే.

దీన్ని గురించి చాలా పెద్దవాళ్ళే ఆలోచించారు. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. ఆ దేశంలో పనికిమాలిన కారును నిమ్మకాయ అంటారు. వ్యాసం పేరులో కూడా నిమ్మకాయలే. ఆయన చెప్పినది ఇది. బండి గుణం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. మోసం ఉంటుందేమోనన్న భయంతో కొనేవాడు ప్రతి బండికీ తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకు మంచి బండి గలవాడు అమ్మనే అమ్మడు, ఇంట్లోనే ఉంచుకుంటాడు. చివరికి బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. అంటే దాచినవాడు ఒక్క కొనుగోలుదారుణ్ణే కాదు, నిజం చెప్పే తోటి అమ్మకందారులందరినీ కూడా నష్టపరుస్తున్నాడన్నమాట. ఈ వ్యాసాన్ని మూడు పత్రికలు తిప్పి పంపాయి. నాలుగోది అచ్చు వేసింది. 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. కథలు తిరిగివచ్చిన మన రచయితలు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు.

ఇక ఇటువంటి బండి కొనబోయేవారు చూసుకోవలసినవి చెబుతాను. మొదటిది, బండి కింద చూడటం. ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకొకటి, వెనక్కొకటి రెండు కడ్డీలు ఉండాలి. రెండోది, నాలుగు టైర్లూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల కావాలి. తేడా ఉంటే లోపల ఏమి జరిగి ఉంటుందో అనుమానించాలి. మూడోది, నూనె. ట్రాన్స్‌ఫర్ కేస్‌లోనూ ముందు, వెనక ఇరుసుల్లోనూ ఉండే నూనె కొంచెం తీయించి చూడాలి. ఇనుప రజను మెరిస్తే పళ్ళు తిన్నట్టు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే లోపల నీళ్ళు దూరినట్టు. 2020 అక్టోబరు 13, 14 తేదీల వానకు హైదరాబాదులో ఎన్ని కాలనీలు మునిగాయో, సెల్లార్లలో ఎన్ని కార్లు నానాయో అందరికీ తెలుసు. హుస్సేన్‌సాగర్ నాలా పొంగితే అశోక్‌నగర్ వాళ్ళకు వేరే చెప్పాలా? నీట మునిగిన బండికి రంగు వేయడం సులువు, ఇరుసులో దూరిన నీరు దాచడం కష్టం.

నాలుగోది, అసలు పరీక్ష. దీన్ని మెకానిక్ చేతనే చేయించండి. వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు వేసి, ముందు చక్రం ఒకటి జాకీతో ఎత్తి, కింద స్టాండు పెట్టి, ఇంజను ఆపి, ఎత్తిన చక్రాన్ని చేత్తో తిప్పించండి. టూ హెచ్‌లో అది తిరగాలి. ఫోర్ హెచ్‌లో పెట్టాక తిరగకూడదు. ఎందుకంటే ఇప్పుడది నేల మీద బిగిసి ఉన్న వెనక చక్రాలతో ముడిపడి ఉన్నది. ఫోర్ హెచ్‌లో కూడా సుఖంగా తిరిగిందంటే ఎక్కడో ముడి తెగినట్టే. కొన్ని బళ్ళకు ముందు చక్రాల మధ్యలో చేత్తో తిప్పి బిగించే తాళాలుంటాయి, వాటిని బిగించిన తరువాతే ఈ పరీక్ష. అయిదోది, వదులు మట్టి ఉన్న మైదానంలో ఫోర్ హెచ్‌లో నెమ్మదిగా గుండ్రంగా తిప్పడం. స్టీరింగు కొంచెం బరువెక్కి, బండి బిగబట్టినట్టు నడిస్తే నాలుగూ కలిశాయని గుర్తు. టకటకమని పళ్ళు తప్పే చప్పుడు వస్తే మాత్రం దిగి ఇంటికి రావచ్చు.

కొత్త రకం కార్లలో పద్ధతి వేరు. మామూలు వేళ ముందు చక్రాలే లాగుతాయి. అవి జారినప్పుడు ఒక క్లచ్చి బిగిసి వెనకవాటికి బలం పంపుతుంది. ఆ క్లచ్చి చచ్చిపోయినా కారు ముందు చక్రాలతో హాయిగా పరుగెడుతూనే ఉంటుంది, అందువల్ల అక్కడ కూడా ఇదే ప్రమాదం. వాటికి జాకీ పరీక్ష పనికిరాదు, కంప్యూటరు పెట్టి లోపల దాగిన తప్పులు చదివించాలి. పలక మీద హెచ్చరిక దీపం వెలగకపోవడాన్ని నమ్మవద్దు. తాళం తిప్పగానే మిగతా దీపాలతో పాటు అదీ ఒక క్షణం వెలిగి ఆరిందో లేదో చూడండి. అసలే వెలగకపోతే, ఎవరో దాని నోరు నొక్కారన్నమాట.

కాగితాల సంగతి కూడా చెప్పాలి. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, సామాన్యంగా వస్తువు గుణం చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిదే. వ్యాపారం చేసే వ్యక్తికి మన అవసరం ఏమిటో చెప్పి, అతని నైపుణ్యాన్ని నమ్మి కొన్నప్పుడు మాత్రం మినహాయింపు ఉన్నది. అందుచేత వ్యాపారి దగ్గర కొంటే "బురదదారిలో నడపడానికి కొంటున్నాను" అన్న మాట కాగితం మీద ఉండేలా చూసుకోండి. సొంతదారు దగ్గర కొంటే ఫోర్ వీల్ పనిచేస్తుందనో, చేయదనో ఆయన చేత రాయించుకోండి. మాట గాలిలో పోతుంది, సంతకం పోదు.

అలాగే ఆర్.సి. బదిలీ. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మకమైతే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో ఆర్.టి.ఏ.కు తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు అందుకోసమే. పక్క రాష్ట్రపు బండి అయితే అక్కడి నిరభ్యంతర పత్రం, అప్పు మీద కొన్న బండి అయితే బాకీ తీరినట్టు 35వ నంబరు ఫారం కావాలి. బీమా కూడా 14 రోజుల్లో కొన్నవారి పేరుకు మార్పించుకోవాలి. అమ్మినవాళ్ళు "డబ్బు ముట్టింది, మనకేం" అనుకోకూడదు. పేరు మారకపోతే ప్రమాదం జరిగినప్పుడు పుస్తకంలో పేరున్న వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎవరో చేసిన ప్రమాదానికి, ఎప్పుడో అమ్ముకున్నవారు పరిహారం కట్టవలసి రావచ్చు.

మాస్టారు తొందరపడలేదు. నాలుగు నెలలు వెతికారు. చివరికి రంగు వెలిసి, సీట్లు చిరిగి, చూపులకు ఆనని ఒక బండి దొరికింది. ఉస్తాద్ జాకీ ఎత్తి చూశాడు, నూనె తీసి చూశాడు. అమ్మే ఆయన తనంతట తనే, "ఫోర్‌లో కొంచెం చప్పుడు ఉన్నది, అయిదో గేరు ఒక్కోసారి బెట్టు చేస్తుంది" అని చెప్పాడు. ఆ ఒక్క మాటతో మాస్టారికి బండి మీద కంటే మనిషి మీద గురి కుదిరింది. అయినా పిన్నిగారు పూర్తి డబ్బు ఇవ్వనివ్వలేదు. అడ్వాన్సు ఇచ్చి, వాన పడిన మర్నాడు అమ్మే ఆయన్ను కూడా ఎక్కించుకుని, సుమారు 75 కిలోమీటర్లు వికారాబాదుకు, ఆపైన ఆ నల్లరేగడి దారిలోకి వెళ్ళారు. రెండు చోట్ల బండి పక్కకు జారింది, ఒక చోట ఆగి ఆలోచించింది, మొత్తంమీద అక్కగారి అరుగు ముందు ఆగింది. బురద కొట్టుకున్న బండిని, అందులోంచి దిగిన మరదలిని చూసి ఆవిడ, "ఇంత పాతదా కొన్నారు?" అని పెదవి విరిచారట. మిగతా డబ్బు ఆ అరుగు మీదనే లెక్కపెట్టి ఇచ్చారు.

కొనేవాళ్ళకు ఇన్ని జాగ్రత్తలు చెప్పాను. కాని మనం ఎల్లకాలమూ కొనేవాళ్ళమే కాదు. కారో, స్కూటరో, ఫ్రిజ్జో, ఏనాడో ఒకనాడు మనమూ అమ్మేవాళ్ళమే. గుమ్మంలో ఎవరో దంపతులు వచ్చి నిలబడతారు. వాళ్ళకు ఏ పల్లెలో ఏ అక్కగారున్నదో, ఏ రాత్రి ఏ దారిన పోవలసి ఉన్నదో మనకు తెలియదు. దీపం వెలుగుతూనే ఉంటుంది. అది వెలిగించి ఊరుకోవడమా, పక్కన కూర్చోబెట్టి "అయ్యా, ఇది పనిచేయదు, ఆ మేరకు తగ్గించి ఇవ్వండి" అనడమా అన్నది మన చేతిలో ఉన్నది. రెండో మాటకు కొన్ని వేలు పోవచ్చు. కాని ఆ వేలు పోయిన ఇంట్లో, వానాకాలం రాత్రి ఉరుము ఉరిమినప్పుడు, ఎవరూ ఉలిక్కిపడి లేవనక్కరలేదు.